ఒక టిక్కు, ఆరు నెలలు

అమెరికా ఫెడరల్ జైలు శిక్షల తగ్గింపు కేసులు చదువుతూ 2018 నాటి ఒక సుప్రీం కోర్టు తీర్పు దగ్గర ఆగిపోయాను. డ్రగ్స్ కేసులో 135 నెలలు పడిన మనిషి, శిక్షల మార్గదర్శకాలు మారాక 108కి తగ్గించమని అడిగితే జడ్జి 114 చేసి ఊరుకున్నారు, వివరణ ఏమిటయ్యా అంటే అచ్చు ఫారంలో ఒక గడిలో టిక్కు, అంతే! ఆ ఆరు నెలల కోసం అప్పీలుకు వెళ్లాడు. సుప్రీం కోర్టులో 5-3 ఓట్లతో ఓడిపోయాడు. ఈ కేసుకు ఆ మాత్రం వివరణ చాలన్నారు ఎక్కువ మంది జడ్జిలు. నాకైతే మింగుడుపడలేదు (ఆరు నెలలేగా అనడం బయట ఉన్నవాళ్లకు తేలికే). పైగా ఇలాంటి ఉత్తర్వు మీద అప్పీలు నోటీసుకు 14 రోజులే గడువు. కాకపోతే ఖైదీ ఆలోపు జైలు తపాలాలో వేస్తే చాలు, కోర్టుకు ఆలస్యంగా చేరినా చెల్లుతుంది.