తెల్ల మడా? నల్ల మడా?

రాజమండ్రి స్టేషన్‌లో దిగేసరికి సన్నగా ముసురు పట్టింది. శ్రావణమాసం కదా. విజయవాడ నుంచి మొక్కల పిచ్చోళ్లం పదకొండు మందిమి బయల్దేరాం. మాలో మొక్కల గురించి చదువుకున్నవారు ఒక్కరే, కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన మాస్టారు. మిగతా అందరం మిద్దె మీద కుండీలు పెట్టుకుని, వాటిని చంపుకుంటూ నేర్చుకున్నవాళ్లమే.

మేం వెళ్లేది నర్సరీల ఊరు కడియం. అక్కడంతా మొక్కలు తెలిసినవాళ్లే కనుక నాకు లోపల ఓ జంకు. రెండేళ్ల కిందట ఒక మొక్కల ప్రదర్శనలో, మా అంటు మామిడి ఆకు తీరు మారిపోయిందేమిటని అడిగితే ఆ ప్రదర్శనలోని నిపుణుడొకాయన పదిమందిలో పకపకా నవ్వాడు. అంటు ఎప్పుడో ఎండిపోయిందట, నేను ముద్దుగా పెంచుతున్నది కింద నుంచి లేచిన నాటు మొక్కట. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ నవ్వు విన్నాక ఏడాది పాటు నేను ఎవర్నీ ఏమీ అడగలేదు.

కడియపులంకలో కాలువ గట్ల వెంబడి ఎటు చూసినా నర్సరీలే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక వరికి పారిన నీళ్లే ఇప్పుడు గులాబీలకీ క్రోటన్లకీ పారుతున్నాయి. ఒక నర్సరీలో షేడ్‌నెట్ కింద పీట వేసుకుని ఒకావిడ మామిడి అంట్లు కడుతోంది. చెయ్యి ఆగడం లేదు. నాటు మొక్క తల కోసి, మధ్యకు చీల్చి, మేలు రకం పుల్లను చీలిక మేకులా చెక్కి అందులో దించి, ప్లాస్టిక్ రిబ్బను బిగించి చుట్టేస్తోంది. కోతకి పది రోజుల ముందే ఆ పుల్లకి తల్లి చెట్టు మీదే ఆకులు తుంచేస్తారట, మొగ్గలు ఉబ్బి సిద్ధంగా ఉంటాయని.

ఆవిడ ముందు ధైర్యం చేసి నా నాటు మొక్క కథ చెప్పాను. నవ్వలేదు. “ఆయ్, మా దొడ్లోనూ అంతేనండి. అంటు కట్టేదాన్నని పేరే గానీ, నేనే చూసుకోలేదు. కట్టు కింద ఏం మొలిచినా గిల్లేయాలండి” అంది.

మాస్టారు తనూ ఒకటి కడతానన్నారు. ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పిన మనిషి. కట్టాక పుల్ల చిలక్కొయ్యలా వాలిపోయింది. ఆవిడ విప్పించి మళ్లీ కట్టించింది. “పచ్చ గీతకి పచ్చ గీత తగలాలండి మేస్టారూ. రెండు వైపులా కుదరకపోతే ఒక వైపన్నా తగలాలి.” బెరడు కింద ఉండే ఆ పలచటి పొరనే తాము కేంబియం అంటామని, కొత్త కణాలు పుట్టి రెండు ముక్కల్నీ అతికించేది అక్కడేనని ఆయన చెప్పారు. “అదాండీ సంగతి!” అని ఆవిడ కత్తి పక్కన పెట్టి మరీ వింది. పేరు ఇంకోసారి చెప్పమంది. ఆయన కట్టినదీ, ఆవిడ కట్టినదీ రెండూ కొన్నాను. మాస్టారి దానికి గుర్తుగా ఎర్ర దారం కట్టాను.

రాత్రికి కాకినాడ. కాజాల గురించి మొదలుపెడితే ఇది మొక్కల వ్యాసం కాకుండా పోతుంది.

మర్నాడు కోరంగి. పోటు చూసుకుని పడవ కదిలింది. రెండు పక్కలా ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్లు, వాటి చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు ఊపిరి వేర్లు. రాత్రంతా ఫోన్‌లో చదివిన తెగువతో ఒక చెట్టు చూపించి “నల్ల మడ” అన్నాను. మాస్టారు అవుననలేదు, కాదనలేదు. “పువ్వు లేనిదే నేను గట్టిగా చెప్పలేను” అని పడవ నడిపే ఆయన వంక తిరిగారు.

“తెల్ల మడేనండి. ఆకు కొస చూడండి, మొన తేలి ఉంది. నల్ల మడకైతే గుండ్రంగా ఉంటాది.”

మరి నాకు నల్లగా కనిపించిందేమిటి? వంగి చూస్తే మానుకి పట్టిన బురద! అందరం నవ్వాం, నేనే ముందు నవ్వాను.

మడ ఆకు అడుగున నాలుక ఆనించమని మాస్టారు అంటే ఆనించాం. ఉప్పు! వేర్లు చాలావరకు ఆపేయగా లోపలికొచ్చిన ఉప్పుని ఆకు గ్రంథులు బయటికి పంపేస్తాయన్నారు. “గేదెలు దీనికోసం ఎందుకు ఎగబడతాయో ఇన్నాళ్లకి తెలిసిందండి” అన్నాడు పడవాయన. ఇంకాస్త ముందుకెళ్లాక మాలో ఒకరు ఫొటో కోసం కొమ్మ వంచబోతే “తిల్లండీ, వదిలేయండి!” అని కేకేశాడు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. మాస్టారు చెయ్యి కూడా చటుక్కున వెనక్కి వచ్చింది.

ఆయన జేబు పుస్తకంలో పడవాయన చెప్పిన పేర్లన్నీ ఎక్కాయి: ఉప్పు పొన్న, కళింగ, గుగ్గిలం. ఒక పేరు సరిగా వినపడక రెండుసార్లు అడిగి, రాసింది చదివి వినిపించారు. ఈ పక్కనే సామర్లకోటలో 1781 నుంచి ఈస్టిండియా కంపెనీ తోట చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కూడా ఇలాగే తెలుగు పేర్లు రాసుకున్నాడట. మనం సోమిద అనే చెట్టు ఇవాళ శాస్త్రంలో సొయ్‌మిడా అయి కూర్చుంది. అది విని పడవాయన, “అయితే మా తిల్ల కూడా రాయించండి సార్” అన్నాడు.

ఇంటికొచ్చి ఇరవై రోజులైంది. ఆవిడ కట్టిన అంటు రాగి రంగు చిగురు వేసింది. ఎర్ర దారం దాంట్లో పుల్ల పచ్చగానే ఉంది గానీ ఉలుకూ పలుకూ లేదు. మాస్టారు రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నారు. నిన్నా అదే మాట: “ఆవిణ్ణి అడిగి చూడండి, కట్టు ఇప్పుడే విప్పొచ్చా అని. నన్నడిగితే లాభం లేదు.”