చుండ్రు కాదని మూడేళ్లకు తెలిసింది

నా తలలో ఉన్నది చుండ్రే అని మూడేళ్లు నమ్మాను. మొదటి డాక్టరూ అదే అన్నాడు. కుర్చీలోంచి లేవకుండానే షాంపూ రాసిచ్చి, "తల కాస్త శుభ్రంగా ఉంచుకోండమ్మా" అన్నాడు. రోజు విడిచి రోజు తలస్నానం చేసే మనిషిని. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

షాంపూలు మార్చాను, నూనెలు మార్చాను. పొట్టు తగ్గకపోగా నుదుటి మీదికి, చెవుల వెనక్కి పాకింది.

ఒక రాత్రి నిద్రలోనే గోకేసుకున్నాను. మెలకువ వచ్చి లైటు వేస్తే దిండు గలీబు నిండా తెల్లటి పొలుసులు, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, గోళ్ల సందుల్లో రక్తం. మందంగా ఊడిన ఒక పొలుసు అరచేతిలో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. జుట్టంతా పోతుందా, ఇదేమైనా క్యాన్సరా అని ఒకటే టెన్షన్. మా ఆయన లేచి, ఏమీ అడగకుండా పక్కనే కూర్చున్నారు. పొద్దున్న మా ఆడపడుచు ఆ దిండు చూసి, "వదినా, మీ దువ్వెన పిల్లలకి అందకుండా పెట్టండి" అంది. రాత్రంతా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

చర్మవ్యాధుల డాక్టరమ్మ నా జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూసింది. మోచేతులు, గోళ్లు కూడా చూసింది. గోళ్ల మీద సూదితో పొడిచినట్టున్న చిన్న చిన్న గుంటలు చూపించి, సోరియాసిస్ అంది. మామూలుగా 3, 4 వారాలకు మారే చర్మకణాలు ఇందులో 3 నుంచి 7 రోజుల్లోనే తయారై పేరుకుపోతాయట. "మురికి వల్ల వచ్చేది కాదమ్మా, ఎవరికీ అంటుకోదు" అంది. ఆ దేవుడే నన్ను ఆమె దగ్గరికి పంపాడు.

కోల్‌టార్ షాంపూ, స్టెరాయిడ్ లోషన్‌తో రెండు నెలల్లో చాలావరకు తగ్గింది. మళ్లీ రావచ్చని, కీళ్ల నొప్పులు, వాపు కనిపిస్తే వెంటనే రమ్మని చెప్పింది.

తల చూడకుండా మందు రాస్తే, చూడమని అడగండి. నేను అడగలేదు. చుండ్రు పొట్టు జిడ్డుగా, పలచగా ఉంటుంది. రంగు వేసుకున్నాక మంట, దురద మొదలైతే ఆ రంగే పడకపోయి ఉండొచ్చు. పిల్లలకు గుండ్రంగా జుట్టు విరిగి రాలుతుంటే తామర కావచ్చు; దానికి షాంపూ చాలదు, మాత్రలు వాడాలి. అంటుకునేది అది.

మొన్న మా ఆడపడుచు వచ్చి, "బాగా తగ్గింది వదినా" అంది. మనస్ఫూర్తిగానే అంది. దువ్వెన మాట మాత్రం నేనింకా మర్చిపోలేకపోతున్నాను.