కొండల మధ్య కట్టిన నీరు

వాషింగ్టన్ రాష్ట్రంలో పెరుగుతున్న మా పిల్లలకు కొండలెక్కడం కొత్త కాదు. వేసవి వస్తే సియాటిల్ చుట్టుపక్కల ఉండే నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిసి క్యాస్కేడ్ పర్వతాలకో, ఒలింపిక్ పార్కులోని క్రెసెంట్ సరస్సుకో వెళ్తుంటాం. గుర్తు పెట్టిన దారి వదలకూడదని, చెత్త తిరిగి మోసుకుపోవాలని, గట్టిగా మాట్లాడకూడదని వాళ్లకు చిన్నప్పుడే ఒంటబట్టింది. ఇక సెలవులకు ప్రొద్దుటూరు వచ్చినప్పుడు వీళ్లకు ఏం చూపించాలన్నది మా ఇంట్లో తెగని చర్చ. అక్కడి అందానికి దీటైనదే చూపాలని మావారు అంటారు. ఆ పోటీ మనకెందుకు, అక్కడ లేనిది చూపిద్దామని నేనంటాను.

ఆయన మాట ప్రకారం ముందుగా గండికోటకు బయలుదేరాం. మేము, మా అన్న కుటుంబం, నా చిన్ననాటి స్నేహితురాళ్లు, మోకాళ్ల నొప్పులను లెక్కచేయని మా అమ్మ, వీటికి తోడు గిన్నెల నిండా చిత్రాన్నం, పెరుగన్నం. కోటలోని మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ పెన్న లోయ అంచుకు చేరాక పెద్దమ్మాయి ఎర్రబండను తడిమి దాని వయసు అడిగింది. కడప ప్రాంతపు ఈ శిలలు నూరు కోట్ల ఏళ్లకు పైబడినవనీ, తాను గొప్పగా చెప్పుకునే వాషింగ్టన్‌లోని రెయినియర్ శిఖరం ఇప్పటి రూపానికి సుమారు 5 లక్షల ఏళ్లేననీ చెబితే ఒక పట్టాన నమ్మలేదు. దారిలో పడి ఉన్న ప్లాస్టిక్ గ్లాసులను చూసి మాత్రం కోపంతో ఏరడం మొదలుపెట్టింది; మా అన్న కొడుకులు మొదట నవ్వినా, తర్వాత సంచి పట్టుకున్నారు. ఈ విషయంలో అక్కడి అలవాటే మేలని నా అభిప్రాయం. మౌనంగా నడవాలన్న నియమం మాత్రం అవ్వ పిలుపుల ముందు అరగంట కూడా నిలవలేదు, నిలవనక్కరలేదు కూడా.

నేను చూపాలనుకున్నది పోరుమామిళ్ల చెరువు. వాషింగ్టన్‌లో పిల్లలు ఎరిగిన కొండ సరస్సులు చాలావరకు హిమానీనదాలు తొలిచినవి, వాటి వెనుక ఎవరి చెమటా లేదు. వాన తక్కువైన కడప, అనంతపురం సీమల్లో కొండల నడుమ అంత నీరు కనిపించిందంటే, దాన్ని ఎవరో పూనుకొని నిలిపినట్టే లెక్క. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఇక్కడి కొండలను కట్టలతో కలిపి ఈ చెరువును కట్టించాడు. రోజుకు 1,000 మంది కూలీలు, రాళ్లు తోలడానికి 100 బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు 1369 నాటి సంస్కృత శాసనం చెబుతోంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా అందులో చెక్కించారు. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీపి నీటి ఏరు, దగ్గరలోనే రాతి గని, పనితనం తెలిసిన మనుషులు, ఇలా సాగుతుంది ఆ జాబితా.

కట్ట మీద కూర్చుని నేను చదివి వినిపిస్తే, చిన్నవాడికి మంచి లక్షణాల కన్నా దోషాలే నచ్చాయి. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక, నీరు చాలక ఆయకట్టు పెద్దదవడం, నీరు ఎక్కువై ఆయకట్టు చిన్నదవడం వాడికి తేలికగానే అర్థమయ్యాయి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువుంటే దోషమెందుకని అడిగితే, ఇంట్లో కృష్ణా జలాల తగాదా రోజూ వినే పెద్దమ్మాయి నాకన్నా ముందే జవాబు చెప్పింది. తూము దగ్గర కనిపించిన ఒక రైతును పట్టుకొని, నీళ్లు ఎవరు వదులుతారు, ముందు ఎవరి పొలానికి పారుతాయి, ఎవరైనా ఎక్కువ మలుపుకుంటే ఏం చేస్తారు అని చిన్నవాడు వరుసగా అడిగాడు. చెరువు నీటిని పొలాలకు పంచే నీరుగంటి పని ఎలా ఉండేదో ఆ పెద్దాయన ఓపికగా చెబుతూ మమ్మల్ని కాలువ వెంట చాలా దూరం నడిపించాడు. గుర్తులు, పటాలు లేని ఆ నడకే మా పిల్లలకు గండికోట కన్నా బాగా నచ్చింది.

వచ్చేసారి అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కాలని పెద్దమ్మాయి ఇప్పటినుంచే పట్టుబడుతోంది. నల్లమల అడవిలో, బండల మీదుగా సాగే ఆ దారికి తోవ తెలిసినవారు వెంట ఉండాలి, ఎండ ముదరకముందే బయలుదేరాలి. మా అమ్మను ఎగువ అహోబిలంలోనే ఆగమని ఒప్పించే పని మా అన్నకు అప్పగించాను.