చలిదేశంలో నరాల పరీక్ష

వేడి ప్రాంతంలో ఎన్‌సీఎస్, ఈఎంజీ (మొదటిది చిన్న షాకిచ్చి నరం వేగం కొలిచే పరీక్ష, రెండోది సూదితో కండరంలోని కరెంటును చూసే పరీక్ష) నేర్చుకుని చలిదేశపు ఆసుపత్రిలో చేరేవాళ్లకు మెషీన్ కొత్త కాదు, నరాలూ కొత్త కాదు. కొత్తగా ఎదురయ్యేది పేషెంటు చెయ్యి. మంచులోంచి వచ్చి కాసేపు లోపల కూర్చున్నా వేళ్లు 26, 27 డిగ్రీల దగ్గరే ఉంటాయి. కావలసింది 32. వేడి ఊళ్లలో అది అడక్కుండానే దొరుకుతుంది కాబట్టి థర్మామీటరు సొరుగులోంచి తీయకుండానే పని నడిచిపోతుంది. అదే అలవాటు ఇక్కడ తప్పుడు రిపోర్టు రాయిస్తుంది.

చర్మం ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ నరం వేగం సెకనుకు సుమారు 1.5 నుంచి 2.5 మీటర్లు పడిపోతుంది. డిస్టల్ లేటెన్సీ, అంటే మణికట్టు లాంటి చివరి చోట షాకిచ్చాక అల మొదలయ్యేదాకా పట్టే సమయం, డిగ్రీకి దాదాపు 0.2 మిల్లీసెకండ్లు పెరుగుతుంది. అంటే 32 డిగ్రీల దగ్గర 3.8 మిల్లీసెకండ్లు ఉండాల్సిన మీడియన్ నరం (బొటనవేలి వైపుది) మోటార్ లేటెన్సీ 27 దగ్గర 4.8 చూపిస్తుంది. మామూలు హద్దు చాలా ల్యాబుల్లో 4.4కి అటూ ఇటూ ఉంటుంది. ఏ జబ్బూ లేని మణికట్టుకు కార్పల్ టనెల్ (మణికట్టులో మీడియన్ నరం నలిగే జబ్బు) అని పేరు పెట్టేశామన్నమాట.

చలి చేసిన ఆలస్యమో, జబ్బు చేసిన ఆలస్యమో తెర మీదే కనిపిస్తుంది, చూసే ఓపిక ఉంటే. చల్లటి చేతిలో చిటికెనవేలి వైపు నరమైన అల్నార్ కూడా నెమ్మదిస్తుంది. పైగా నరంలో కరెంటు పుట్టించే సోడియం చానళ్లు మూసుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి సెన్సరీ అల (స్పర్శ నరాలది) ఎత్తుగా, వెడల్పుగా వస్తుంది. అసలైన కార్పల్ టనెల్‌లో ఆలస్యం మీడియన్‌దే, అల్నార్ బాగానే ఉంటుంది. అల ఎత్తు పెరగదు, ముదిరితే తగ్గుతుంది. అనుమానం ఉంటే అరచేతి నుంచి మణికట్టుకు 8 సెంటీమీటర్ల దూరంలో రెండు నరాలనూ చూసి పోల్చాలి. రెండూ ఒకే చేతిలో, ఒకే చలిలో ఉన్నాయి కాబట్టి 0.4 మిల్లీసెకండ్లో, అంతకు మించో తేడా వస్తే దాన్ని చలి మీదకు తోసేయలేం.

చేతిని గోరువెచ్చటి నీళ్లలో పది పదిహేను నిమిషాలు ఉంచడం అన్నిటికన్నా మేలు. హీట్ ప్యాక్‌తో చర్మం చప్పున వేడెక్కుతుంది, లోపలి నరం వేడెక్కదు. థర్మామీటరు 33 అంటుంది, లేటెన్సీ మాత్రం కదలదు. సూత్రంతో డిగ్రీలు సరిదిద్ది రాసేయడం చాలాచోట్ల చూస్తాం. అది నాకు నచ్చదు. ఆ సూత్రాలు ఆరోగ్యంగా ఉన్న నరాల మీద కట్టినవి, జబ్బుపడ్డ నరం వాటి మాట వినాలని లేదు.

నరం నుంచి కండరానికి సంకేతం సరిగా అందని మయస్థీనియా జబ్బులో చలి ఇంకో రకంగా మోసం చేస్తుంది. సెకనుకు 2 లేదా 3 షాకుల చొప్పున ఇస్తే మొదటి అలతో పోల్చి నాలుగోదో ఐదోదో 10 శాతానికి మించి తగ్గాలి. కండరం చల్లగా ఉంటే ఆ తగ్గుదల కనబడకుండా పోతుంది. జబ్బు ఉన్న మనిషికి నార్మల్ రిపోర్టు చేతిలో పడుతుంది.

ఇండియాలో నేర్చుకుని అమెరికా వెళ్లేవాళ్లకు కరెంటు కూడా మారుతుంది: 50 హెర్ట్జ్ నుంచి 60కి. తెర మీద 20 మిల్లీసెకండ్లకోసారి వచ్చే రొద అక్కడ 16.7కోసారి వస్తుంది. వెంటనే ఆ రొదను కోసేసే నాచ్ ఫిల్టర్ నొక్కకండి, సన్నటి సెన్సరీ అల రూపమే చెడుతుంది. ముందు గ్రౌండ్ ఎలక్ట్రోడ్ చూడండి. అది షాకిచ్చే చోటుకీ రికార్డు చేసే చోటుకీ మధ్యలో ఉండాలి. తర్వాత చర్మం చూడండి. చలికాలంలో చేతులకు దట్టంగా క్రీము రాసుకుని వస్తారు, దాన్ని స్పిరిట్‌తో తుడవనిదే ఎలక్ట్రోడ్ సరిగా పట్టదు. ఎలక్ట్రిక్ మంచం ప్లగ్గు పీకేస్తే సగం రొద పోయిన సందర్భాలూ ఉంటాయి.

మోచేతి దగ్గర అల్నార్‌కు టేపు పట్టేటప్పుడు చెయ్యి 70 నుంచి 90 డిగ్రీలు వంచి ఉండాలి. చాపి ఉంచితే నరం లోపల వదులుగా మడతపడుతుంది, టేపు దాని అసలు పొడవు కన్నా తక్కువ చూపిస్తుంది, లేని జబ్బు పుడుతుంది. 10 సెంటీమీటర్ల దూరానికి 2 మిల్లీసెకండ్లు పడితే వేగం సెకనుకు 50 మీటర్లు. టేపు ఒక్క సెంటీమీటరు తక్కువ చదివితే 45. ఎత్తు సంగతీ అంతే: పొడుగు మనుషుల కాళ్లలో వేగం సహజంగానే తక్కువ, ఎఫ్ వేవ్ (వెన్నుపాము దాకా వెళ్లి తిరిగొచ్చే అల) ఆలస్యంగా వస్తుంది. పాత ల్యాబు నుంచి తెచ్చుకున్న పట్టికతో ఆరడుగుల మనిషిని కొలవకూడదు.

సూది పరీక్ష చాలాచోట్ల డాక్టరే చేస్తారు, కానీ పేషెంటును సిద్ధం చేసే పని టెక్నాలజిస్టు మీద పడుతుంది. భాష తెలియని పేషెంటుకు ఫోన్లో దుబాసీ చెప్పేలోగా కండరం బిగిసిపోతుంది. ‘బిగించండి, వదలండి, మెల్లగా’ అన్న మూడింటినీ సూది దించకముందే చేత్తో చూపించి సాధన చేయించాలి. ఎంత చెప్పినా కండరం వదలకపోతే దానికి ఎదురుగా పనిచేసే కండరాన్ని వాడించండి: సూది పిక్కలో ఉంటే పాదం పైకి లేపమనాలి, పిక్క దానంతటదే వదులవుతుంది. విశ్రాంతిలో ఫిబ్రిలేషన్లు (నరం దెబ్బతిన్న కండరపు పోగులు వాటంతటవే చేసే చిన్న చప్పుళ్లు) వినబడేది అప్పుడే.

ఆ ఫిబ్రిలేషన్లకూ సమయం కావాలి. నరం తెగినా కింది ముక్క కొన్నాళ్లు కరెంటు మోస్తూనే ఉంటుంది. మోటార్ అల వారంలోపు పడిపోతుంది, సెన్సరీకి పది పదకొండు రోజులు పడుతుంది, ఫిబ్రిలేషన్లకు రెండు మూడు వారాలు. రిక్వెస్ట్ ఫారం మీద దెబ్బ తగిలిన తేదీ లేకపోతే పంపిన డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. కొత్త దేశం, కొత్త ఉద్యోగం అని వెనకాడనక్కర్లేదు. వారం కూడా కాలేదని తేలితే, అత్యవసరం కాని పక్షంలో, సూది పరీక్షకు మరో తేదీ ఇవ్వమని అడగవచ్చు.