ట్రాలీలో వచ్చే కంపోస్టును ఎవరు చూడాలి?

అనంతపురం పక్క చీనీ (బత్తాయి) తోట ఉన్నోళ్లను అడగండి, దిబ్బ ఎరువు ఎంత కరువైందో చెప్తారు. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఊర్లో దిబ్బలే లేవు, ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద కట్టించాలన్నా ముందే మాట్లాడుకోవాలి. ఆ కరువు చూసే కంపోస్టు వ్యాపారం మొదలైంది: సేద్యం భూమి కౌలుకు తీసుకుని, టౌను చెత్త తెచ్చి కుప్పలు పోసి, కొన్నాళ్లకు ట్రాలీ లెక్కన అమ్మేయడం.

వ్యాపారం చేస్తే తప్పేం లేదు. చెత్త డంపింగ్ యార్డులో తగలబడేదానికంటే మట్టిలో కలిస్తే మేలే. నా పేచీ అంతా మాగకుండానే, అంటే పూర్తిగా కుళ్లి ఎరువు కాకుండానే, వచ్చే సరుకుతో. పక్క తోటలో దింపిన ట్రాలీలోంచి ఒక దోసెడు తీసి చూస్తే షాంపూ ప్యాకెట్ల ముక్కలు, గాజు పెంకులు, పైగా ఇంకా వేడి తగ్గలేదు. "అంతా మాగిందేన్నా, పాదుల్లో వేసి నీళ్లు పెట్టు" అన్నాడు డ్రైవర్. పాదులు తవ్వేది అతను కాదుగా, చెప్పుల్లేకుండా వచ్చే కూలీ ఆడవాళ్లు.

చట్టం లేక కాదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో సిటీ కంపోస్టును, అంటే టౌను చెత్తతో చేసే కంపోస్టును, కూడా చేర్చారు. కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, విష లోహాలైతే కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. 2016లో కేంద్రం సిటీ కంపోస్టు అమ్మకానికి టన్నుకు 1500 రూపాయల సాయం కూడా ప్రకటించింది. కానీ ఇదంతా మూట కట్టి, పేరు అచ్చేసి అమ్మే సరుకును చూసి రాసినట్టుంది. రాత్రిపూట విడిగా వచ్చి తోటలో పడే ట్రాలీని ఆపి శాంపిల్ తీసినోళ్లను నేనైతే చూడలేదు.

అలాగని అందరికీ లైసెన్సు పెడితే ఇంకో తలనొప్పి. రైతు తన పేడ, తన కందికట్టె, శెనక్కాయ పొట్టు తన పొలంలోనే మాగబెట్టుకుంటే ఎవరూ వచ్చి అడగకూడదు. ఎంత పెద్ద కుప్ప అని కాదు, సరుకు ఎక్కడిది అని చూడాలి. బయటి చెత్త తెచ్చి అమ్ముకునేవాడైతే బోరుకు దూరంగా పోయాలి, కుప్ప నుంచి కారే నీళ్లు పక్క పొలంలోకి పోకుండా గట్టి నేల, గుంత ఉండాలి, లోపల 55 డిగ్రీల వేడి కొన్ని రోజులైనా నిలిచినట్టు రాసి పెట్టాలి, ట్రాలీకొక రశీదు ఇవ్వాలి.

రశీదు అడిగితే రేటు పెంచుతారని మావాళ్ల టెన్షన్. పెంచితే పెంచనీ, ఈసారికి నాలుగు పాదులకు తక్కువేస్తాం.