పల్లంలో శివుడు: గుడిమల్లం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో రేణిగుంట దాటాక పక్కకు తిరిగితే పాపానాయుడుపేట వస్తుంది, గాజుపూసల తయారీకి పేరున్న ఊరు. అక్కడి నుంచి ఇంకాస్త లోపలికి వెళ్తే స్వర్ణముఖి ఒడ్డుకు దగ్గరగా గుడిమల్లం. తిరుపతి నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. కొండకు వచ్చినవాళ్ళు కాళహస్తికి, కాణిపాకానికి కూడా వెళ్ళొస్తారు గానీ గుడిమల్లం పేరు చెబితే మాత్రం "అదెక్కడ?" అంటారు. ఇప్పటిదాకా దొరికిన శివలింగాల్లో అతి పాతవాటిలో ఒకటి ఆ ఊళ్ళోనే, మొదట నిలబెట్టిన చోటే ఉందని చెబితే నమ్మరు కూడా. అందుకే ఈ పోస్టు.

నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళింది మా పెద్దనాయన. అప్పుడు నాకు పన్నెండేళ్ళు ఉంటాయి. గుడి బయట నుంచి చూస్తే పెద్దగా ఏమీ అనిపించలేదు, గోపురం కూడా ఆకాశాన్ని తాకేది కాదు. లోపలికి వెళ్ళాక మాత్రం గర్భగుడి మనం నిలబడ్డ మండపం కన్నా కిందికి, పల్లంలో ఉంది. ఏ గుడిలోనైనా దేవుణ్ణి తలెత్తి చూడటం అలవాటు, ఇక్కడ వంగి కిందికి చూడాలి. "వొంగి చూడు నాయనా, ఆయన కాళ్ళ కింద ఉండేవాడే చిత్రసేనుడు" అన్నాడు పెద్దనాయన. హారతి వెలుగు పైనుంచి కిందికి దిగుతుంటే రాతిలోంచి ఒక మనిషి బయటికి వచ్చినట్టు కనిపించాడు. భయం కూడా వేసింది.

లింగం దాదాపు 5 అడుగుల ఎత్తు, ముదురు గోధుమరంగు గట్టిరాయి. మనకు అలవాటైన లింగాల్లా నున్నటి స్తంభం కాదు, శిల్పి పురుషాంగాన్ని ఉన్నదున్నట్టుగా, ఏ దాపరికం లేకుండా చెక్కాడు. దాని ముందు భాగంలో నిలబడ్డ శివుడు. చేతులు రెండే. కుడిచేత్తో ఒక పొట్టేలును వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు (కొందరు దాన్ని జింక అంటారు, నాకైతే పొట్టేలుగానే కనిపిస్తుంది), ఎడమచేతిలో చిన్న చెంబు, ఎడమ భుజం మీద గండ్రగొడ్డలి. తలమీద జుట్టును తలపాగాలా చుట్టినట్టు ఉంటుంది, చెవులకు కుండలాలు. నడుముకు పల్చటి పంచె, కుచ్చెళ్ళు కాళ్ళ మధ్య జారుతున్నా ఆ బట్టలోంచి ఒళ్ళు కనిపించేంత పల్చగా చెక్కాడు. జంధ్యం లేదు. పులితోలూ పామూ లేవు. మనం క్యాలెండర్లలో చూసే శివుడికి ఇంకా రూపం కుదరక ముందటి శివుడు ఈయన, అడవిలో వేటాడి ఇంటికొచ్చిన మనిషిలా ఉంటాడు. కాళ్ళ కింద కూర్చున్న ఒక పొట్టివాడు ఆయన్ని భుజాల మీద మోస్తూ ఉంటాడు, మోస్తున్న బాధ అతని మొహంలో ఎక్కడా కనపడదు, పైగా నవ్వుతున్నాడు.

పెద్దనాయన చెప్పిన కథ ఇది. పరశురాముడు ఇక్కడ తపస్సు చేస్తూ, కొలనులో రోజుకు ఒకటే పూసే పువ్వుతో శివుణ్ణి పూజించేవాడు. వేటకు వెళ్ళినప్పుడు ఆ పువ్వుకు కాపలాగా చిత్రసేనుడనే యక్షుణ్ణి పెట్టాడు. యక్షుడు ఒకరోజు ఆగలేక ఆ పువ్వు తనే శివుడికి పెట్టేశాడు. పరశురాముడు తిరిగొచ్చి మండిపడ్డాడు, ఇద్దరూ 14 ఏళ్ళు కొట్టుకున్నారు, ఆ కొట్లాటలో నేల గుంటపడింది. చివరికి శివుడు ప్రత్యక్షమై ఇద్దర్నీ తనలో కలిపేసుకున్నాడు. గుడి ఉన్న పల్లం కాబట్టి గుడిపల్లం, అదే గుడిమల్లం అయిందంటారు ఊరివాళ్ళు. స్వామి పేరు పరశురామేశ్వరుడు.

కథ సరే, గర్భగుడి నిజంగా ఎందుకంత కిందికి ఉందన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. ఈ లింగం గురించి చదువుకున్నవాళ్ళ లోకానికి మొదట చెప్పింది శిల్పాలూ శాసనాల మీద పనిచేసిన పండితుడు టి.ఏ. గోపీనాథరావు, 20వ శతాబ్దం రెండో దశకంలో. దీన్ని క్రీస్తుపూర్వపుదని ఆయన చెబితే, అంత పాతది కాదని వాదించినవాళ్ళూ ఉన్నారు. 1954లో గుడి పురావస్తు శాఖ చేతికి వచ్చింది. 1973లో ఆ శాఖ పురావస్తు పరిశోధకుడు ఐ.కె. శర్మ గర్భగుడిలో తవ్వకం చేయించారు. అప్పుడు తేలినదాన్ని బట్టి లింగానికి మొదట గుడే లేదు. ఆరుబయట, చుట్టూ రాతి కటకటాలతో నిలబడి ఉండేది, బౌద్ధ స్తూపాల చుట్టూ ఉండే రాతికంచె లాంటిదే. ఆ రాతికంచె ఇప్పటికీ లింగం చుట్టూ ఉంది, వెళ్ళినప్పుడు దాన్ని తప్పకుండా చూడండి. చాలామంది పండితులు లింగాన్ని క్రీ.పూ. 2వ లేదా 1వ శతాబ్దానిదిగా చెబుతారు. ఆ తర్వాత సాతవాహనుల కాలపు పెద్ద పెద్ద ఇటుకలతో ఒక గుడి లేచింది. అదీ పోయాక రాతిగుడి. పల్లవుల, బాణరాజుల, చోళుల శాసనాలు గోడల మీద ఉన్నాయి. ఈ ప్రాంతం అప్పట్లో తొండైమండలం అనే తమిళసీమలోది కాబట్టి అవి తమిళంలో ఉంటాయి, వాటిలో గుడిమల్లం అన్న పేరే కనపడదు, ఊరి పేరు తిరువిప్పిరంబేడు. 12వ శతాబ్దం తొలి భాగంలో, విక్రమచోళుడి కాలంలో గుడిని పూర్తిగా రాతితో తిరిగి కట్టారు.

అంటే కట్టడాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, కట్టినప్పుడల్లా చుట్టూ నేల పెరిగింది, లింగాన్ని మాత్రం ఎవరూ పైకి లేపి కొత్త మట్టానికి తేలేదు. నా మటుకు నాకు గుడిమల్లంలో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే. చోళులకు తంజావూరులో అంత గుడి కట్టగల శక్తి ఉంది, ఒక 5 అడుగుల రాయిని పైకి తీయించడం వాళ్ళకొక లెక్క కాదు. అయినా ముట్టుకోలేదు. తమ కాలపు శివుడితో పోలికే లేని ఆ వేటగాడి రూపాన్ని పక్కన పెట్టి కొత్తది చెక్కించుకోలేదు, ఆయన ఎక్కడున్నాడో అక్కడే ఉంచి తమ గుడిని ఆయన చుట్టూ కట్టుకున్నారు.

ఈమధ్య అమ్మతో వెళ్ళినప్పుడు గుడి వెనక్కి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. గర్భగుడి వెనక గోడ చదరంగా ఉండదు, గుండ్రంగా ఒంపు తిరుగుతుంది, పైన విమానం, అంటే గర్భగుడి మీది కట్టడం కూడా అదే ఒంపుతో పడుకున్న ఏనుగు వీపులా ఉంటుంది. దీన్నే గజపృష్ఠం అంటారు. బౌద్ధుల ప్రార్థనా మందిరాలైన చైత్యాల్లో ఈ ఆకారం మామూలే, మన పల్నాడులో చేజర్ల కపోతేశ్వరుడి గుడీ ఇదే తీరు. ఇక్కడి ఇటుకగుడికి కూడా ఇదే ఒంపు ఉండేదట, దాన్ని రాతిలోకి తెచ్చినవాళ్ళు ఆ ఆకారాన్నీ వదిలిపెట్టలేదు. సాయంత్రం ఎండలో ఆ ఒంపు మీద నీడ మెల్లగా జరుగుతుంటే కెమెరా తీయాలని కూడా గుర్తు రాలేదు.

ప్రాకారంలో ఆనందవల్లి అమ్మవారికి, వల్లీ దేవసేనలతో సుబ్రహ్మణ్యస్వామికి, సూర్యుడికి విడిగా గుళ్ళున్నాయి. వెళ్ళేవాళ్ళు తిరుపతి నుంచి పొద్దున్నే బయలుదేరితే కాళహస్తి కూడా చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. పూలు ఇంటి దగ్గర నుంచే పట్టుకెళ్ళండి, మా అమ్మ పెరట్లో కోసిన నందివర్ధనాలు కొంగున కట్టుకుని తెచ్చింది, పూజారి అవే స్వామికి పెట్టారు.