కార్పొరేట్ లా నుంచి విదేశాంగ సర్వీసుకు: నా అనుభవం

సుబేదారి లా కాలేజీలో చదివి, హైదరాబాద్‌లో ఓ లా ఫర్మ్‌లో చేరాను. కంపెనీల విలీనాలు, షేర్ల కొనుగోళ్లు నా పని. సివిల్స్ రాస్తానన్నప్పుడు హనుమకొండలో బాపు, "గింత మంచి నౌకరి ఇడిసిపెట్టి మళ్ల పరీక్షలేంది బిడ్డా?" అన్నాడు.

కారణం వైట్ ఇండస్ట్రీస్ కేసు. కోల్ ఇండియా మీద ఆ ఆస్ట్రేలియా కంపెనీ గెలిచిన ఆర్బిట్రేషన్ అవార్డు (కోర్టు బయట మధ్యవర్తులిచ్చే తీర్పు) అమలు మన కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. ఆ జాప్యానికే 2011లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ భారత్‌ను తప్పుపట్టింది. ఏ హక్కు కింద? తన హక్కులు అమలు చేయించుకునే సరైన మార్గం ఇన్వెస్టర్‌కు ఉండాలన్న హక్కు కింద. భారత్-ఆస్ట్రేలియా పెట్టుబడి ఒప్పందంలో ఆ హక్కే లేదు. ‘మోస్ట్ ఫేవర్డ్ నేషన్’ క్లాజు (వేరే దేశం ఇన్వెస్టర్లకు ఇచ్చిన మేలు వీళ్లకూ ఇవ్వాలనే షరతు) పట్టుకుని భారత్-కువైట్ ఒప్పందం నుంచి తెచ్చుకున్నారు. అలాంటి క్లాజు రాసే గదిలో నేనుండాలని అప్పుడే అనుకున్నా.

ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాను. ఆప్షనల్ లా, రెండు పేపర్లు, 500 మార్కులు. కాంట్రాక్టులు చేతిలో పనే. అంతర్జాతీయ న్యాయం మాత్రం మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. ఒప్పందాల మీద 1969 వియన్నా కన్వెన్షన్‌లో భారత్ చేరలేదు, అయినా అందులోని చాలా నియమాలను ఆచారంగా పాటిస్తుంది. ఇది అర్థం కావడానికి చాలా సమయం పట్టింది. ఇంటర్వ్యూలో వరంగల్ అనగానే పీవీ ప్రస్తావన వచ్చింది. 1980 నుంచి 84 దాకా విదేశాంగ మంత్రిగా ఆయన పని గురించి ఇష్టంగా మాట్లాడాను. ర్యాంకు వచ్చింది, ఐఎఫ్ఎస్ వచ్చింది. ముస్సోరి, ఢిల్లీ శిక్షణ, విదేశీ భాష వరసగా అయిపోయాయి.

అసలు చదువు చర్చల గదిలో మొదలైంది. తెర మీద ముసాయిదా, తేలని ప్రతి మాటా చదరపు బ్రాకెట్లలో. ఫర్మ్‌లో ఉన్నప్పుడు క్లయింటు ఫోన్లో సరేనంటే చాలు. ఇక్కడ ఒక్క బ్రాకెట్ తీయాలన్నా ఆర్థిక, వాణిజ్య, న్యాయ శాఖలు ఒప్పుకోవాలి. అవతలి వాళ్లకూ అంతే. పైగా కాంట్రాక్టు చెడితే కోర్టు ఉంది, ఇక్కడ రేపు మళ్లీ అదే దేశంతో కూర్చోవాలి. బాపుకు ఏనుమాముల మార్కెట్లో అడ్తి ఉంది. రైతుతో లెక్క కాడ ఎంత కొట్లాడినా, వచ్చే ఏడు అతను మళ్లా ఆ దుకాణానికే వచ్చేలా మాట్లాడతాడు. నాకు ఫర్మ్ నేర్పని పద్ధతి అది.

సుబేదారి పిల్లలు ఎలా తయారవ్వాలని అడుగుతుంటారు. 2016 మోడల్ పెట్టుబడి ఒప్పందాన్నీ (చర్చలకు మన దేశం తయారు చేసుకున్న నమూనా) 2024లో యూఏఈతో కుదిరినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. విదేశీ ఇన్వెస్టర్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కు వెళ్లే ముందు మన కోర్టుల్లో ప్రయత్నించాల్సిన గడువు మోడల్‌లో ఐదేళ్లు, యూఏఈ ఒప్పందంలో మూడేళ్లు. ఆ తగ్గింపు సరైనదేనని నా అభిప్రాయం. ఆ పిల్లలు ఒప్పుకోనక్కర్లేదు, కానీ మారిన ప్రతి మాట పక్కనా ఎవరికి లాభమో పెన్సిల్‌తో రాసుకోవాలి. లా ఆప్షనల్‌కూ అదే పనికొస్తుంది.